అడవి స్ట్రాబెరీ జాతులు: వానిని కనుగొనుట, గుర్తించుట
(రైతుల కొఱకు ఉపన్యాస పాఠము)



వరియు జొన్నయు వేరుసెనగయు పండించువారి కొఱకు వెలువడు కరపత్రములో చలిదేశపు కొండపండు ప్రసంగ మేల యని కొందఱికి తోచవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. స్ట్రాబెరీ మన మైదానపు టెండలకు తాళదు. విశాఖ మన్యములోని లంబసింగి, చింతపల్లి వంటి చల్లని తావులలో మాత్రము ఇటీవలి యేండ్లయందు కొందఱు రైతులు దీనిని శీతకాలపు పంటగా వేయుచున్నారు. ఆ మడులలోని మొక్కను చూచి "ఇది సీమ వంగడము" అని సరిపెట్టుకొనుట వాడుక. కాని సీమలో నైనను అది ఆకాశమునుండి ఊడిపడలేదు. ఎక్కడనో ఒక కొండవాలున, ఎక్కడనో ఒక సముద్రతీరపు టిసుకదిబ్బపై, ఎవరును నాటకయే మొలచిన మొక్కలు దానికి తల్లిదండ్రులు. వానిని వెదకి, పేరు తెలిసికొని, భద్రపఱచినవారు లేకున్నచో నేటి పండు లేదు. ఆ వెదకుట యింకను ముగియలేదు.

అడవి మొక్కవలన సేద్యమునకు కలుగు మేలు స్ట్రాబెరీతో ఆగునది కాదు. నీటిగుంటల యొడ్డునను పొలపు గట్ల వెంటను తనంత తాను మొలచు నివ్వరిని మన రైతు లెఱుగుదురు. గింజ పండీ పండకమునుపే రాలిపోవును గనుక అది కోతకు రాదు; పొలములో కనబడిన కలుపుగానే యెంచి పీకివేయుదురు. 1970 ప్రాంతమున ఆసియా దేశములలో సుడిదోమ మోసికొనివచ్చు ఒక వైరసు తెగులు వరిపైరును గిడసబార్చి, గడ్డివలె దుబ్బుకట్టించి, వెన్ను తీయకుండ చేయుచుండెను. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు ఆరువేలకు పైగా వరి నమూనాలను పరీక్షించిరి. వానిలో ఆ తెగులునకు నిలిచినది ఉత్తరప్రదేశమునుండి సేకరింపబడిన నివ్వరి నమూనా ఒక్కటియే. 1976లో వెలువడిన ఐ.ఆర్. 36 అను వరి వంగడమునందు ఆ నివ్వరి గుణము చేర్పబడియున్నది. గుంట యొడ్డున దానిని చూచినవాడు కలుపే గదా యని విడిచి పోయియుండినచో ఆ తెగులునకు మందు మఱెక్కడ దొరకియుండెడిదో చెప్పుట కష్టము.

స్ట్రాబెరీ కథయు ఇట్టిదే. అయితే దీనిలో శాస్త్రజ్ఞులకంటె రైతులు ముందుగా సంగతిని గ్రహించిన ఘట్ట మొకటి యున్నది గనుక కొంత విస్తరించి చెప్పవలసియున్నది.

యూరపు ఖండములోని అడవులందు మొదటినుండియు ఒక చిన్న స్ట్రాబెరీ గలదు. దానిని వృక్షశాస్త్రజ్ఞులు ఫ్రగేరియా వెస్కా యందురు. పండు రేగుపండంతయు ఉండదు; వాసన మాత్రము మిక్కిలి మేలైనది. 1600 తరువాత ఉత్తర అమెరికా తూర్పు భాగమునుండి ఫ్రగేరియా వర్జీనియానా యను నింకొక జాతి యూరపు తోటలకు చేరెను. అదియు చిన్నపండే. 1712లో ఫ్రెంచి ప్రభుత్వము అమెడీ ఫ్రాన్స్వా ఫ్రెజియే యను సైనిక యింజినీరును దక్షిణ అమెరికాకు పంపెను. పెరూ, చిలీ దేశములలో స్పెయినువారి కోటలను పరిశీలించి పటములు వ్రాయుట ఆయనకు ఒప్పగింపబడిన పని. కాన్సెప్సియాన్ నగర ప్రాంతమున ఆయన కంటికి కోటలతో పాటు స్ట్రాబెరీ మళ్ళు కూడ కనబడెను. ఆ పండ్లు యూరపువా రెన్నడును చూడనంత పెద్దవి. అచటి మపూచే మొదలగు స్థానిక ప్రజలు స్పెయినువారు రాకపూర్వమే బహుకాలముగా ఆ మొక్కను సేద్యము చేయుచుండిరి. పెద్దపండు వారి యెన్నికయే. ఫ్రెజియే దానిని కనుగొన్నా డనుట కంటె వారి తోటలనుండి తెచ్చుకొన్నా డనుటయే సత్యము.

ఆయన 1714లో ఓడ యెక్కి స్వదేశమునకు మరలెను. ప్రయాణము ఆఱు నెలలు. ఓడలో త్రాగునీరు కొలిచి పోయుదురు. మొక్కలకు నీరు దొరకుట దుర్లభము. తీరము చేరునప్పటికి బ్రతికినవి అయిదు మొక్కలు మాత్రమే. నీరిచ్చి తోడ్పడిన ఓడ సరకుల యధికారికి రెండు, ప్యారిసులోని రాజోద్యానమునకు ఒకటి, తన పై యధికారికి ఒకటి పంచియిచ్చి, ఒకదానిని ఫ్రెజియే తానుంచుకొనెను. మొక్కలు బాగుగా పెరిగెను, పిలకతీగలు విడిచెను, పూచెను. కాయ మాత్రము పట్టలేదు.

కారణము నేడు తెలిసినదే. చిలీ జాతియందు ఆడ మొక్క వేఱు, మగ మొక్క వేఱు. మనకు తాడిచెట్టునందు పోతుతాడి యున్నట్లే, బొప్పాయిలో మగచెట్టున్నట్లే. ఫ్రెజియే పెద్దపండ్లు కాచిన మొక్కలను ఏరి తెచ్చెను. పండు కాచినది గనుక అవి యన్నియు ఆడవే. పుప్పొడి నిచ్చు పోతుమొక్క ఒక్కటియు ఓడ యెక్కలేదు. పోతుతాడి లేనిదే పెంటితాడి కాయదని మన పల్లెలో పిల్లవాడును చెప్పగలడు గాని, ఆ దినములలో యూరపు పండితులకు స్ట్రాబెరీ విషయమున ఈ సంగతి తట్టలేదు. ముప్పది నలుబది యేండ్లు ఆ మొక్కలు పెద్ద తోటలలో వట్టి యలంకారముగా మిగిలెను.

ఫ్రాన్సు పడమటి కొననున్న బ్రిటనీ ప్రాంతమున బ్రెస్టు ఓడరేవు కడ రైతులు మాత్రము ఒక విషయము గమనించిరి. చిలీ మొక్కల వరుసల నడుమ వర్జీనియా జాతినిగాని, కస్తూరి వాసనగల యూరపు జాతినిగాని నాటినచో చిలీ మొక్కలు నిండుగా కాయుచుండెను. ఏల కాయునో వారు చెప్పలేదు; కాయుటయే వారికి ముఖ్యము. కారణమును చెప్పినవాడు ఆంత్వాన్ నికొలా డుషేన్ అను యువకుడు. వెర్సాయి రాజభవనమున ఉద్యోగియైన తండ్రికడ పెరిగినవాడు. 1764లో, పదునేడేండ్ల ప్రాయమున, చిలీ ఆడమొక్కకు కస్తూరి స్ట్రాబెరీ పుప్పొడిని పట్టించి కాయించిన పండ్లను పదునైదవ లూయీ రాజునకు సమర్పించెను. రాజు మెచ్చి, యూరపునందు దొరకు స్ట్రాబెరీ రకముల నన్నిటిని సేకరించి రాజోద్యానమున నాటింప నాజ్ఞాపించెను. డుషేన్ వానిని ప్రక్కప్రక్కన పెంచి, పోల్చి చూచి, 1766లో స్ట్రాబెరీ జాతులను గూర్చి గ్రంథము ప్రకటించెను. అప్పటికే తోటలలో పుట్టియున్న అనాసవాసనగల పెద్దపండు, చిలీ జాతికిని వర్జీనియా జాతికిని పుట్టిన సంకరమని ఆయన తేల్చి చెప్పెను. నేడు ప్రపంచమంతట తోటలలో పెంచుచున్న స్ట్రాబెరీ యా సంకరమే. లంబసింగి మడులలోనిదియు అదియే.

ఈ వృత్తాంతమునం దొక చిన్న మాట మఱవరానిది. అయిదు మొక్కలతో వచ్చిన చిలీ జాతి మిక్కిలి కొంచెపు మూలధనము. వర్జీనియా జాతినుండి తీసికొన్నదియు కొంచెమే. అంత పెద్ద కుటుంబము అంత తక్కువ పూర్వులనుండి పెరిగినప్పుడు, పూర్వులలో లేని గుణము సంతానమున నుండదు. వేరుకుళ్ళునకు తట్టుకొనుట, నీటియెద్దడిని సహించుట, మంచును ఓర్చుట, తగని కాలమున కాయుట మొదలైన గుణములు కావలసినచో మరల అడవికే పోవలయును.

అట్లు పోయి తెచ్చిన గుణములలో ముఖ్యమైనది పూతకాలమునకు సంబంధించినది. సాధారణపు స్ట్రాబెరీ పగలు పొట్టియైన దినములలోనే మొగ్గకు సిద్ధపడును. అందువలన పంట ఒక్క ఋతువునకే పరిమితము. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునందు పనిచేసిన రాయిస్ బ్రింగ్‌హర్స్ట్ అను శాస్త్రజ్ఞుడు యూటా రాష్ట్రపు వాసాచ్ పర్వతములలో వర్జీనియా జాతికి చెందిన యొక అడవి మొక్కను తెచ్చెను. అది పోతుమొక్క. పండు కాయదు. కాని పగటి నిడివి యెంతయైనను పూచుచునే యుండెను. దాని పుప్పొడిని పెంపకపు మొక్కలకు పట్టించి, పుట్టిన సంతతిని మరల మరల పెంపకపు మొక్కలతోనే సంకరపఱచి, కొన్ని తరముల తరువాత పెద్దపండును, అన్ని ఋతువులలో పూచు గుణమును గల వంగడములను సాధించిరి. 1980 ప్రాంతమున అవి రైతులకు చేరెను. కాలిఫోర్నియా తోటలనుండి నేడు ఏడాదిలో పెక్కు నెలలు పండు వచ్చుటకు ఆ పోతుమొక్క ముఖ్యకారణము. ఫ్రెజియే పండు చూచి మొక్కను ఎన్నుకొనెను గనుక పోతులను విడిచెను. బ్రింగ్‌హర్స్ట్ పండు లేని మొక్కనే యెత్తుకొనివచ్చెను. అడవిలో ఏ మొక్క విలువైనదో పండు రుచిచూచి చెప్పుట సాధ్యము కాదు.

ఇక గుర్తించు పద్ధతి.

మన దేశమున అడవి స్ట్రాబెరీ యని చూపబడు మొక్కలలో చాలవఱకు స్ట్రాబెరీ కానే కాదు. తేమగల కొండచరియలలో నేలనంటి ప్రాకుచు, మూడేసి ఆకులతో, ఎఱ్ఱని గుండ్రని పండుతో నొక మొక్క కనబడును. దాని శాస్త్రనామము పొటెంటిల్లా ఇండికా. పూర్వము దీనికి డుషేన్ జ్ఞాపకార్థము డుషేనియా యని పేరుండెను; స్ట్రాబెరీలకై జీవితము ధారపోసినవానికి దొంగ స్ట్రాబెరీని అంకితము చేయుట విచిత్రమే. దీనిని పోల్చుట సులభము. పువ్వు పసుపుపచ్చనిదైన అది స్ట్రాబెరీ కాదు. నిజమైన స్ట్రాబెరీ పువ్వు తెల్లనిది, ఎప్పుడైన గులాబిఛాయ గలది. పువ్వు రాలిపోయిన తరువాత చూచినచో పండు నిలువుగా తలయెత్తి యుండుట, పండు క్రింద ఆకువంటి రేకులు కొనలయందు మూడు పండ్లుగా చీలియుండుట, కొఱికినచో చప్పగా బెండువలె నుండుట దొంగ జాతికి గురుతులు. విషము కాదు గాని రుచి లేదు.

నిజమైన జాతులు మన దేశమున ఉత్తరమున హిమాలయములందును, ఈశాన్యమున ఖాసీ కొండలందును, దక్షిణమున నీలగిరులందును గలవు. నీలగిరుల పేరనే ఫ్రగేరియా నీల్‌గెరెన్సిస్ అను జాతి ప్రసిద్ధము. 1857లో దీనికి శాస్త్రనామము కలిగెను. దళసరి యాకు, మొక్కయంతట దట్టమైన నూగు, తెల్లనిదో లేతగులాబి రంగుదో యగు గుండ్రని పండు దీని లక్షణములు. చైనా నైరృతి భాగమునందును ఇది గలదు. పండు చూచి యింకను పచ్చికాయ యనుకొని విడిచిపోవువారే యెక్కువ; మాగిన పండునకు మాత్రము చక్కని పరిమళము గలదు. ఆ పరిమళమునకై జపానువారు దీనిని పెంపకపు స్ట్రాబెరీతో సంకరపఱచి తోకున్ అను వంగడమును తీసిరి. సిక్కిము మొదలగు హిమాలయ ప్రాంతములలో ఎత్తైన చోట్ల ఫ్రగేరియా డాల్టోనియానా యుండును. జోసెఫ్ డాల్టన్ హుకర్ అను వృక్షశాస్త్రజ్ఞుని పేరు దీనికి పెట్టబడినది. కదురువలె కోలగానుండు ఎఱ్ఱని పండు దీనిది. చూపునకున్న సొగసు నాలుకకు లేదు. హిమాలయపు వాలులలో విరివిగా దొరకునది ఫ్రగేరియా నుబికోలా. దీనికిని యూరపు వెస్కా జాతికిని పోలిక యెక్కువ. పండు మాగినప్పుడు దానినంటియున్న పచ్చని రక్షకపత్రములను చూడవలయును. నుబికోలాలో అవి పండును అదుముకొని యుండును. వెస్కాలో వెనుకకు విడివడియుండును. పండు కోసి సంచిలో వేసికొని, తొడిమ తీసివేసి తెచ్చినవాడు ఈ భేదమును అడవిలోనే పోగొట్టుకొని వచ్చును.

పండు అని మన మనునది నిజమునకు పువ్వు పీఠము ఉబ్బి కండపట్టినది. పైనంటియున్న గింజలవంటివే శాస్త్రరీత్యా కాయలు. కావున జాతి నిర్ణయమున కండ రంగు, తీపి అంత ప్రమాణములు కావు. గింజ యాకారము, అది కండలో గుంటపడి యున్నదా పైకి తేలి యున్నదా యనునది, ఆకుకాడపై నూగు నిటారుగా నిలిచియున్నదా కాడ నంటుకొని పడియున్నదా యనునది, పిలకతీగ కణుపుకణుపునకు ఎట్లు సాగుచున్నదను విషయము, ఇవి నమ్మదగినవి. వీనికి భూతద్దము, ఓపిక కావలయును.

కంటికి కనబడు గురుతులు చాలని తావు గలదు. అక్కడ క్రోమోజోములను లెక్కింపవలయును. ప్రతి జీవకణమునందును గుణములను మోయు సన్నని దారములవంటివి గలవు, అవియే క్రోమోజోములు. స్ట్రాబెరీలందు ఇవి ఏడేసి జట్లుగా నుండును. వెస్కా, నుబికోలా, నీల్‌గెరెన్సిస్ జాతులలో 14. తూర్పు ఆసియాలోని కొన్ని జాతులలో 28. కస్తూరి స్ట్రాబెరీలో 42. చిలీ, వర్జీనియా జాతులయందును వాని సంకరమైన పెంపకపు స్ట్రాబెరీయందును 56. ఈ లెక్క తెలియక చేసిన సంకరము సాధారణముగా వ్యర్థము. 14 గల మొక్కను 56 గల మొక్కతో కలిపిన గింజ పట్టుటయే యరుదు. పట్టినను పుట్టిన మొక్క గొడ్డుపోవును. జపానువారు నీలగిరి జాతిని వాడుకొనుటకు క్రోమోజోములను రెట్టింపుచేయు పద్ధతి నవలంబింపవలసివచ్చెను. పూర్వము వేరుకొనలను రంగులో ముంచి సూక్ష్మదర్శినిలో ఒక్కొక్కటిగా లెక్కించుచుండిరి. నేడు చిన్న ఆకుముక్కను తరిగి, కణముల కేంద్రములకు రంగు పట్టించి, యంత్రములో వెలుతురు కొలిచి కొద్దిసేపటిలో అంచనా కట్టుదురు. అయినను సందేహము కలిగినచోట వేరుకొన లెక్కయే ప్రమాణము.

పొరపాట్లు ఎట్లు జరుగునో తెలిసిననే జాగ్రత్త అలవడును గనుక మూడు సంగతులు చెప్పదగినవి.

డుషేన్ తోటలోనే 1761లో వెస్కా గింజలనుండి పుట్టిన మొక్క యొకటి మూడాకులకు బదులు ఒకే యాకు వేసెను. దాని గింజలు నాటినను అట్లే ఒంటియాకు మొక్కలు వచ్చెను. స్వీడను దేశపు లిన్నేయస్ పండితుడు దానిని వేఱు జాతిగా నెంచి పేరు పెట్టెను. డుషేన్‌కు మాత్రము సందేహము తీరలేదు. కన్నులయెదుట వెస్కానుండి పుట్టినది వేఱు జాతి యెట్లగునని ఆయన ప్రశ్న. కాలము డుషేన్‌నే సమర్థించినది. ఒక్క భేదమును చూచి క్రొత్త జాతి దొరకెనని ఎగురుట తగదు.

రెండవది ఇటీవలిది, నష్టము కలిగించినది. 2004లో ఇంగ్లండులోని పరిశోధకులు స్ట్రాబెరీ గుణములు క్రోమోజోములపై ఏయే చోట్ల నున్నవో చూపు పటమును ప్రకటించిరి. దానికై వెస్కాను నుబికోలాతో సంకరపఱచితిమని వ్రాసిరి. ఇతర దేశములవారును ఆ పటమును ఆధారముగా గైకొనిరి. తరువాత తేలినదేమనగా, తండ్రి మొక్క నుబికోలా కాదు, ఫ్రగేరియా బుఖారికా. హిమాలయముల పడమటి భాగమునందును మధ్య ఆసియాయందును ఉండు ఆ జాతి నుబికోలాను పోలియుండును. పిలకతీగ కణుపులు సాగు తీరునందు భేదమున్నదని గుంటర్ స్టౌట్ అను జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు విశదీకరించెను. పటము పేరునందలి యక్షరమును మార్చి, వ్యాసములలో సవరణ వ్రాసికొనవలసివచ్చెను. పని చెడలేదు గాని, ఆ పటమును చూచి నుబికోలా గుణములని నమ్మినవారు నమ్మినది వేఱొక మొక్కను. తీగను ఒక్కసారి జాగ్రత్తగా చూచి చీటీ వ్రాసియుండిన ఇంత రాకపోవును.

మూడవదానిలో తప్పు ఎవరిదియు కాదనవచ్చును, అందఱిదియు ననవచ్చును. అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రమున కాస్కేడ్ పర్వతములందు సుమారు 3,300 అడుగులకు పైని ఒక స్ట్రాబెరీ బహుకాలముగా అందఱు చూచుచున్నదే. బాటసారులు కోసికొని తినుచున్నదే. వర్జీనియా జాతిలోని యొక భేదమని పుస్తకములలో వ్రాసియుండెను. కావున 56 క్రోమోజోములే యుండునని యెవరును మరల లెక్కింపలేదు. కోర్వాలిస్ పట్టణమునందు 1981లో ఏర్పడిన ప్రభుత్వ మొక్కల భాండాగారములో పనిచేసిన కిమ్ హమ్మర్ అను శాస్త్రజ్ఞురాలు ఆ మొక్కలను సేకరించి పరిశీలింపగా 70 గలవని తేలెను. ఆకు పైభాగమున నూగు, కామా గురుతువలె వంగిన గోధుమరంగు గింజ అను భేదములును కనబడెను. 2012లో ఆమె దానికి ఫ్రగేరియా కాస్కేడెన్సిస్ అని పేరు పెట్టెను. కూరిల్ దీవులలోని ఇటురుప్ దీవియందు ఒక అగ్నిపర్వతపు వాలున దొరకు జాతికిని ఇట్లే మొదట 56 అని వ్రాసి, మరల పోయి తెచ్చిన మొక్కలలో 70 అని దిద్దిరి. ఇరుగుపొరుగు మొక్కలను బట్టి యూహించుటకును, ఆ మొక్కనే లెక్కించుటకును భేద మిది.

2011లో వెస్కా జాతియొక్కయు, 2019లో పెంపకపు స్ట్రాబెరీయొక్కయు జన్యు లిపి పూర్తిగా చదువబడినది. పెంపకపు మొక్కలోని 56 క్రోమోజోములలో ఒక భాగము వెస్కా వంశమునుండియు, ఒక భాగము జపాను పర్వతములలోని ఫ్రగేరియా ఈనుమె వంశమునుండియు వచ్చినవని నిశ్చయమైనది. మిగిలిన భాగముల విషయమున పండితులలో వాదము తీరలేదు. ఆ వాదము తీరుటకును అడవినుండి సరియైన పేరుతో వచ్చిన మొక్కలే కావలయును.

ఇక సేకరణము చేయు విధము. కొండప్రాంతములలో కాపురముండువారు, తోట పనులకై అచటికి పోవువారు ఇందులో మిక్కిలి తోడ్పడగలరు. ఏ వాలున ఏ నెలలో ఏది పూచునో వారికి తెలిసినంత పట్టణమునుండి వచ్చిన పండితునకు తెలియదు. మొదట చేయదగని పని చెప్పవలయును: మొక్కను దుంపతో పెఱకరాదు. ఒకచోట పది మొక్కలే యున్నప్పుడు మూడు పెఱకినచో ఆ చోటు దాదాపు మూడింట నొక వంతు నశించినట్లే. పైగా స్ట్రాబెరీ తీగలు నేలపై వేళ్ళు పాతుకొని క్రొత్త మొక్కలగును గనుక పెద్ద చాపవలె పరచుకొన్న గుంపంతయు ఒకే తల్లి పిలకలు కావచ్చును. అందులో యిరువది మొక్కలు తెచ్చినను తెచ్చినది ఒక్కటియే. కొంత దూరము నడచి వేఱు గుంపునుండి మఱియొకటి తీసికొనుట మేలు. ఒక్కొక్క గుంపునకు వేళ్ళు పట్టిన పిలక ఒకటి రెండు చాలును. పండ్లున్నచో ఒక్కొక్క గుంపునుండి కొన్ని పండ్లు వేఱువేఱుగా తీయవలయును. కలిపినచో పనికి రావు. పండు కాయని మొక్కలను కూడ విడువరాదు. ఏలనో వాసాచ్ పోతుమొక్క చెప్పినది.

పిలక వేళ్ళను తడిగుడ్డలోనో నాచులోనో చుట్టి, ఎండ తగులకుండ తేవలయును. పండ్లను మెత్తగా నలిపి నీట కడిగినచో గింజలు అడుగున చేరును. వానిని నీడను ఆరబెట్టి కాగితపు పొట్లమున నుంచవలయును. తడిగానుండగా సీసాలో మూతవేసిన బూజుపట్టును. పువ్వు, ఆకు, తీగ, వేరుతో గూడిన ఒక కొమ్మను వార్తాపత్రికల నడుమ పఱచి, పైన బరువుంచి, దినదినము కాగితము మార్చుచు ఎండబెట్టిన, చచ్చిన తరువాతను సాక్ష్యము చెప్పు నమూనా యగును. పచ్చి మొక్క యెవరి తోటలోనో చనిపోవచ్చును. పేరు తప్పని తరువాత సందేహము కలుగవచ్చును. అప్పుడు ఆ యెండు నమూనాయే తీర్పు చెప్పును.

చీటీ విషయమున మాత్రము అలసత్వము పనికిరాదు. సిరాతో వ్రాసిన తడికి కరగును, పెన్సిలుతో వ్రాయవలయును. ఒక చీటీ పొట్లము లోపల, ఒకటి పైన. ఊరు, కొండపేరు, అచటివారు ఆ తావును పిలుచు పేరు, తేదీ, సముద్రమట్టమునుండి యెత్తు, వాలు ఏ దిక్కునకున్నది, నేల యెట్టిది, నీడయా యెండయా, చుట్టును ఏ చెట్లున్నవి, పువ్వు రంగు, పండు రంగు, వాసన, స్థానికులు దానికిచ్చిన పేరు, దానిని తిందురా మందునకు వాడుదురా యనునవి వ్రాయవలయును. శాస్త్రనామము తెలియనప్పుడు ఊహించి వ్రాయుటకంటె ఖాళీగా విడుచుటయే మేలు. ఖాళీని తరువాతివాడు పూరించును. తప్పుపేరును మాత్రము పదిమంది నకలు వ్రాసికొందురు.

రక్షితారణ్యములలో అటవీ శాఖ అనుమతి లేక ఏదియు తీయరాదు. విదేశీయులు మన దేశపు మొక్కలను పరిశోధనకై కొనిపోవుటకు 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము అనుమతి కావలయును. తియ్యని మాటలతో పిలకలు కొనగోరువారు వచ్చినప్పుడు ఈ సంగతి జ్ఞప్తియందుంచుకొనవలయును. అడవి బంధుజాతులను కాపాడుచు వచ్చిన రైతులకు గుర్తింపును పారితోషికమును ఇచ్చుటకు 2001 నాటి వంగడముల రక్షణ, రైతు హక్కుల చట్టమున అవకాశము గలదు. చిలీ దేశపు మపూచే రైతులకు పందొమ్మిదవ శతాబ్దమునందుగాని అంతకుముందుగాని అట్టిది ఏదియు లేకపోయెను. వారి పండునకు పేరు మాత్రము దక్కినది.

సేకరించిన గింజలను, పిలకలను, ఎండు నమూనాలను పరీక్షించి భద్రపఱచుటకు జాతీయ మొక్కల జన్యువనరుల సంస్థ 1976లో ఢిల్లీయందు ఏర్పడినది. హైదరాబాదు రాజేంద్రనగరునందు దాని ప్రాంతీయ కేంద్రము గలదు. దగ్గఱలోని వ్యవసాయ పరిశోధన స్థానమునకు తీసికొనిపోయినను వారు దారి చూపగలరు. పువ్వుల కాలమున ఒకసారి, పండు మాగిన కాలమున ఇంకొకసారి అదే చోటికి పోవుట యవసరము. పువ్వు లేక పసుపు తెలుపుల భేదము తెలియదు, పండు లేక రక్షకపత్రముల తీరు తెలియదు. కావున మొదటిసారి పోయినప్పుడే ఒక బండకుగాని చెట్టునకుగాని గురుతు పెట్టి, ఆ గురుతును చీటీలో వ్రాసి రావలయును.